గేటు వెనక మూట

"మామయ్యా! మధుపర్కాలు లేవు!"

పక్కింటి కుర్రాడు హేమంత్ కేకకు నాగభూషణరావు చేతిలోని పన్నీరుబుడ్డి జారిపడింది.

తెనాలి కల్యాణమండపంలో అప్పుడు టైము పదిన్నర. ముహూర్తం పదకొండూ ఇరవైకి. వధూవరులు పీటల మీద కట్టుకోవలసిన ఎర్రంచు తెల్లబట్టలు పెట్టెలోంచి మాయమైపోయాయి.

"సరిగ్గా చూశావురా?"

"పెట్టె బోర్లించి చూశాను. పసుపుకొమ్ము తప్ప ఏం లేదు."

అంతలో వియ్యంకుడు దశరథరామయ్య వచ్చాడు. పెళ్ళివారిది రేపల్లె.

"బావగారూ, ముందు వరసలో ఆ పెద్దకుర్చీ ఎవరికీ ఇవ్వకండి. మా స్నేహితుడొస్తున్నాడు. మీ అమ్మాయి గురించి ఆయన చెప్పిన ఒక్క మాట మీదే ఈ సంబంధం ఖాయం చేసుకున్నాం. మొదటి అక్షింతలు ఆయన చేతి మీదుగా పడాలి."

"అలాగేనండి బావగారూ."

ఆ పెద్దమనిషిని నాగభూషణరావు ఇంతవరకూ చూడలేదు. చూడాలని పొద్దుటి నుంచీ ఆత్రంగా ఉంది. ఇప్పుడు మాత్రం ఆయన ఇంకాస్త ఆలస్యంగా వస్తే బాగుండుననిపించింది.

వియ్యంకుడు అటు వెళ్ళగానే పళ్ళు నూరాడు.

"ఆ చీరలవాడేరా! ఇంకెవడు?"

ఎనిమిది నెలలుగా ప్రతి శుక్రవారం వేటపాలెం నుంచి స్కూటరు మీద మూట వేసుకొచ్చి, అమృతలూరులో నాగభూషణరావు ఇంటి అరుగు మీద కూర్చుంటున్నాడు. ఇవాళా మండపం గేటు దగ్గర ప్రత్యక్షమయ్యాడు. "ఒక్క మాట చెప్పాలండి" అన్నాడు. పెళ్ళిలో బేరాలేంటని నాగభూషణరావే మెడ మీద చెయ్యి వేసి బయటికి నెట్టాడు.

"పోలీసులకి చెబుదాం. వాడి పేరేంటి మామయ్యా?"

ఎనిమిది నెలల్లో నాగభూషణరావు ఆ పేరు ఎప్పుడూ అడగలేదు.

గేటు దగ్గర కాపలా పెట్టిన ఇంటి పాలేరు పున్నారావు పరుగున వచ్చాడు.

"చీరలాయన ఇవాళ స్కూటరు మీద రాలేదు బాబూ. పేద్ద కారు! వెనక సీట్లో ఓ ఆడమనిషి. మొహం కనపళ్ళేదు గానీ, ఎర్రంచు తెల్లచీర కట్టుకునుంది."

నాగభూషణరావు మేడమెట్ల వైపు తిరిగాడు. మధుపర్కం కట్టుకున్న ఆడమనిషి!

"అమ్మాయిని ఎత్తుకుపోయాడు!"

రెండేసి మెట్లు ఎక్కి పెళ్ళికూతురి గది తలుపు తోశాడు.

దేవిక బాసికం చేత్తో పట్టుకుని కిటికీలోంచి గేటు వైపు చూస్తోంది.

"నువ్విక్కడే ఉన్నావా! మరి కారులో ఎవరు?"

"అత్తయ్య."

"ఏ అత్తయ్య?"

"నాకున్నది ఒక్క అత్తయ్యేగా నాన్నా."

కృష్ణవేణి. అతని చెల్లెలు. పద్దెనిమిదేళ్ళ క్రితం భర్త పోయి పుట్టింటికి వచ్చి, తల్లి లేని దేవికను పెంచింది. ముహూర్తం అయ్యేదాకా మేడమీది గదిలోంచి రావద్దని రాత్రే చెప్పాడు. పొద్దుటి నుంచి ఆ గది తలుపు ఎవరూ తట్టలేదు.

"మధుపర్కాలు నేనే ఇచ్చాను. బాపట్ల గుళ్ళో ఆరింటికి అత్తయ్య పెళ్ళయింది."

"ఎవడితో?"

"నువ్వు గెంటేసే చీరలవాడితో. కన్యాదానానికి దంపతులే కూర్చోవాలని దూరపు చుట్టాలెవర్నో తెచ్చావు. నన్ను పెంచినావిణ్ణి మేడ మీద దాచావు. ఇప్పుడు వాళ్ళూ దంపతులే."

"మూటలు మోసేవాడా నీకు కన్యాదానం చేసేది!"

"ఆయనకి నలభై మగ్గాలున్నాయి నాన్నా. నాకు చీర కొనడానికి వేటపాలెంలో ఆయన దగ్గరికి వెళ్ళి, అత్తయ్య ఓ కుంకుమరంగు చీర భుజాన వేసుకుని, ఉలిక్కిపడి మడిచి పెట్టేసిందట. అది ఆయన చూశాడు. మన అరుగు మీద చీరలమ్మేవాణ్ణి తప్ప పరాయి మగాణ్ణి ఎవర్నైనా కూర్చోనిస్తావా? అందుకే మూట కట్టాడు."

"ఎనిమిది నెలలూ..."

"ఒక్క చీరైనా అమ్మాడా? అత్తయ్య రంగు బాలేదనేది. పై శుక్రవారం ఇంకోటి తెచ్చేవాడు."

హేమంత్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

"మరి నువ్వేం కట్టుకుంటావే?"

"నా మధుపర్కాల జత ఆయనే నేశాడు. తొమ్మిదిన్నరకి తెచ్చి, ముందు నీతో చెప్పి, నువ్వు పిలిస్తేనే అత్తయ్యని కారు దింపుతానన్నాడు." దేవిక మళ్ళీ గేటు వైపు చూసింది. "వాళ్ళు రాకుండా నేను పీటల మీద కూర్చోను. ఇంకా రాలేదేంటి నాన్నా?"

గుమ్మంలో పున్నారావు గొంతు సవరించుకున్నాడు. చంకలో మూట ఉంది.

"తమరు నెట్టినప్పుడు పడిపోయింది బాబూ. 'పెళ్ళికూతురికి ఇచ్చెయ్యి' అని కారెక్కేశాడు. తమరు చూస్తే తిడతారని గేటు వెనక దాచాను."

నాగభూషణరావు ముడి విప్పాడు. గంజి వాసన ఇంకా పోని తెల్లబట్టలు. వెడల్పాటి ఎర్రంచు.

మెట్ల మీద దబదబా అడుగులు. దశరథరామయ్య ఫోన్ పట్టుకుని ఊగిపోతున్నాడు.

"ఏంటి బావగారూ ఈ అప్రతిష్ఠ? మా వేటపాలెం శివనాగరాజు కొత్త భార్యతో వచ్చి గేటు దగ్గర్నుంచే తిరిగెళ్ళాడట! పొన్నూరులో ఉన్నాడు. ఎవరో మెడపట్టి గెంటారట. ఆ పెద్దకుర్చీ ఆయన కోసమే కదండీ! ఎవడా గెంటింది?"

హేమంత్ పున్నారావు వంక చూశాడు. పున్నారావు నేల వంక చూశాడు. దేవిక తండ్రి వంక చూసింది.

గడియారంలో పదీ నలభై.

నాగభూషణరావు ఎర్రంచు బట్టల్ని కూతురి చేతిలో పెట్టి, వియ్యంకుడి ముందు చెయ్యి చాపాడు.

"ఫోన్ ఒకసారి ఇటివ్వండి బావగారూ. గెంటింది నేనే."