ఎడమ మోకాలు

వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు, ఆ మనిషి తనంతట తనే కుంటుకుంటూ వచ్చి, డాక్టరమ్మ ఎదుట బల్ల మీద ఎడమ కాలు చాపింది.

పేరున్న ఫుట్‌బాల్ క్రీడాకారిణి. అభిమానులు ‘తూటా’ అని పిలుచుకుంటారు. పోయిన నెల మ్యాచ్‌లో గిర్రున పక్కకు తిరగబోతే మోకాల్లో టప్పుమని ఏదో తెగిందట.

డాక్టరమ్మ మోకాలిని కాస్త వంచింది. తొడను ఒక చేత్తో అదిమిపట్టి, పిక్కను రెండో చేత్తో ముందుకు లాగింది. బల్ల సొరుగులా జారి వచ్చేసింది.

"కీలును పట్టి ఉంచే లిగమెంటు తెగింది. కీలు మధ్య ఉండే మెత్త కూడా చిరిగినట్టుంది. స్కాన్ తీయించండి. ఆపరేషన్ తప్పదు."

"మళ్ళీ ఆడతాను కదండీ? వచ్చే ఏడే నాకు ఆఖరు. అది కూడా పోతే ఇంక నాకేం మిగలదు."

"చూద్దాం."

తూటా ఆమెను గుర్తుపట్టలేదు. తొక్కినవాళ్ళకు గుర్తుండదు, తొక్కించుకున్నవాళ్ళకే.

కాలేజీ ఫైనల్లో, బంతి ఎటో పోయాక, వెనక నుంచి వచ్చి డాక్టరమ్మ ఎడమ మోకాలి మీద తన్నింది ఈ తూటాయే. కిందపడి గిలగిల్లాడుతుంటే, "లే తల్లీ, ఇంక నాటకాలు చాలు" అని నవ్వింది కూడా. కోచ్ బెణుకన్నాడు. ఆ బెణుకునే ఏళ్ళ తరబడి ఈడ్చింది డాక్టరమ్మ. అసలు సంగతి తెలిసి ఆపరేషన్ చేయించుకునేసరికి ఆట అందనంత దూరం వెళ్ళిపోయింది. ఇప్పటికీ మెట్లు ఒక్కొక్కటే దిగుతుంది. ఆపరేషన్ గదిలో ఎత్తు స్టూలు మీద కూర్చునే కత్తి పడుతుంది.

సాయంత్రం క్యాంటీన్‌లో ఈ కథంతా మొగుడికి చెప్పింది. పెళ్ళై ఇంకా నెల తిరగలేదు. అతను అదే ఆసుపత్రిలో మత్తు డాక్టరు. బిస్కెట్టును టీలో ముంచి, అది విరిగిపడేలోగా పెళ్ళాం నోటికి అందించడం అతను కొత్తగా నేర్చుకున్న విద్య.

"ఈ కేసు ఇంకెవరికైనా ఇచ్చెయ్యకూడదూ?"

"చచ్చినా ఇవ్వను."

"కాలు ఆమెది, కత్తి నీది. ఏం చేద్దామని?"

డాక్టరమ్మ అతని చెవిలో చెప్పింది. బిస్కెట్టు కాస్తా టీలో మునిగిపోయింది.

"అమ్మో, ఇకనుంచి నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని కాపురం చెయ్యాలి," అన్నాడు. మునిగిన బిస్కెట్టును చెంచాతో తోడుతూ, "సరే. నా వంతు నేను చూసుకుంటా," అన్నాడు.

ఆపరేషన్ రోజు తూటాకు నడుము కింద మాత్రమే మత్తిచ్చారు. ఛాతీ మీద ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు. మోకాల్లోకి దూర్చిన కెమెరా ఏం చూపిస్తోందో, అడిగిన రోగులకు తలవైపున్న చిన్న తెర మీద చూపించడం అక్కడి అలవాటు. తూటా అడిగింది.

"నా టీవీ వెలగలేదేంటండీ?"

"కంగారెందుకు, చూడాల్సినప్పుడు చూద్దురుగాని," అన్నాడు మత్తు డాక్టరు.

గుడ్డ అవతల డ్రిల్లు గుర్రుమంది. చాలాసేపటికి ఆగింది. తర్వాత కత్తెర రెండుసార్లు టక్కుమంది.

"ఇప్పుడు పెట్టు," అంది డాక్టరమ్మ.

తెర వెలిగింది. లేత కొబ్బరిలా నున్నగా మెరవాల్సిన చోటంతా పాత చీపురులా పీచులు లేచి ఉంది. లిగమెంటు అంటుకుని ఉండాల్సిన గోడ బోసిగా ఉంది.

"ఇది పాత దెబ్బ. పట్టించుకోక ఏళ్ళ తరబడి అరిగిపోయింది."

"నాకు తగిలి నెలే కదండీ."

"మోకాలు అబద్ధం చెప్పదు. వెనక నుంచి తంతే ఇలా అవుతుంది. ఎవరైనా తన్నారా?"

"లేదండీ, నన్నెవరూ తన్నలేదు."

"పోనీ, మీరు ఎవరినైనా?"

తూటా తెర మీంచి చూపు తిప్పేసుకుంది.

"కాలేజీలో... ఒకమ్మాయిని. నాకంటే బాగా ఆడుతోందని, కావాలనే. నాటకమాడుతోందనుకున్నా. ఆ అమ్మాయి మోకాలు ఏమైందో ఏమో."

"ఏమవుతుంది? చూస్తున్నారుగా."

తూటా వెక్కివెక్కి ఏడ్చింది. డాక్టరమ్మ ఓదార్చలేదు. ఇన్నేళ్ళూ ఎదురుచూసింది ఆ ఏడుపు కోసమే. గుడ్డ మీదుగా తొంగిచూస్తూ, ఒక్క చుక్క కూడా వృథా పోనివ్వకుండా తీరిగ్గా అనుభవించింది.

"అయితే నా ఆట అయిపోయినట్టేనా?"

"వచ్చే ఏడు ఆడతారు. నిక్షేపంగా ఆడతారు."

"ఈ మోకాలితోనా?"

డాక్టరమ్మ మాస్కు తీసింది. స్టూలు వదిలి, కుంటుకుంటూ తూటా తలవైపుకు వచ్చింది.

"దీనితో కాదు, మీ మోకాలికి కుట్లు వేసి పావుగంటైంది; మీరు ఇంతసేపూ చూసింది, నా ఆపరేషన్ రోజున కెమెరా తీసిన నా మోకాలిని."