బయటి గడియ

తలనొప్పి వస్తే అమ్మే ఆ గదిలోకి వెళ్లి గడియ వేసుకునేదని నాన్న చెప్పేవాడు. జడ్జిగారి తీర్పుకు ఇంట్లో అప్పీలు లేదు కాబట్టి కూతురు ఇన్నేళ్లూ నమ్మింది.

"ఈ గడియ బయటుందేంటమ్మా?" అన్నాడు వడ్రంగి, ఆ గది తలుపుకున్న గడియను ఊడదీసి.

"లోపలిది ఊడిపోయుంటుంది."

"లోపల ఒక్క మేకు రంధ్రం కూడా లేదమ్మా. గోళ్ల గీతలున్నాయి."

ఆమె లోపలికెళ్లి తలుపు మీది గీతల్ని వేళ్లతో తడిమింది.

"ఆ గీతలు పోయేలా చిత్రిక పట్టెయ్యవయ్యా!" గుమ్మంలోంచి తమ్ముడు కసిరాడు. "రేపు ఈ ఇంటిని స్మారక భవనంగా తెరుస్తున్నాం. నాన్న పరువు పోతుందక్కా, ఊరికే తవ్వకు."

"అంటే నీకు తెలుసా?"

తమ్ముడు చిత్రిక తీసి వడ్రంగి వైపు తోశాడు.

ఆమె వడ్రంగి చేతిలోంచి గడియ అందుకుని, తలుపుకు బయటివైపు, పాత రంధ్రాల మీదే ఆనించి పట్టుకుంది.

"బిగించు. గీతలు ముట్టుకోకు, రేపు అందరూ చూడాలి."