మార్చి ముప్పై ఒకటి లోగా

"ముప్పై ఒకటో తారీఖులోగా అయిపోవాలి తల్లీ. ఆ లాయరుకి ఇంకోసారి ఫోన్ చెయ్యి."

ఆ వారంలో క్లైవ్ ఆ మాట అనడం అది తొమ్మిదోసారి. అట్టపెట్టెకి టేపు అంటిస్తున్న హేజెల్ తల కూడా ఎత్తలేదు.

"ఎన్నిసార్లు చెప్పాలి నాన్నా? పన్ను పెరిగేది నాకు కాదు."

నిజమే. ఇన్నాళ్ళూ రెండున్నర లక్షల పౌండ్ల లోపు ఇల్లు ఎవరు కొన్నా పన్ను లేదు. ఏప్రిల్ ఒకటి నుంచి ఆ హద్దు సగానికి దిగిపోతోంది. కానీ జీవితంలో మొదటిసారి ఇల్లు కొనేవాళ్ళకి మాత్రం మూడు లక్షల దాకా మాఫీ ఉంటుంది. హేజెల్ కొంటున్న రెండు గదుల ఇల్లు రెండు లక్షల పదివేలు. ముప్పై ఒక్కేళ్ళు వచ్చినా ఇంతవరకూ ఆమె పేరు మీద కోళ్ళగూడు కూడా లేదు.

"ఏప్రిల్ ఒకటిన పన్ను పెంచేవాళ్ళని ఎట్లా నమ్ముతావే? రేపు ఇంకోటి అంటారు."

"తొందరపడితే బండి బోల్తా కొడుతుందని చిన్నప్పుడు నువ్వే కదా చెప్పేవాడివి!"

క్లైవ్ నవ్వలేదు. ముందున్న టీ చల్లారిపోతున్నా ముట్టుకోలేదు.

ఆయన పాతికేళ్ళకి పైగా లారీ తోలాడు. చలికాలమంతా సముద్రం దాటి వెళ్ళి, ఎండ కాసే దేశాల నుంచి టమాటాలు తెచ్చేవాడు. రెండేళ్ళ కిందట మోకాలు మార్పించుకున్నాక స్టీరింగు వదిలేశాడు. ఆ సంపాదనతోనే ఒంటిచేత్తో పిల్లని పెంచాడు. ఇంగ్లండులోని ఈ లింకన్ ఊళ్ళో ఆరు అద్దె ఇళ్ళు మారారు. ఇప్పుడు హేజెల్ ఇంటికి ముందుగా కట్టాల్సిన డబ్బు కూడా ఆయనే ఇచ్చాడు. చెక్కు చేతిలో పెట్టి, "ఇది నీదే తల్లీ" అన్నాడు. ఆ రోజు హేజెల్ ఏడ్చేసింది.

అమ్మ గుర్తొస్తే మాత్రం ఆమెకి ఏడుపు రాదు. ఒళ్ళు మండుతుంది. తనకి ఐదేళ్ళప్పుడు ఎవరితోనో స్పెయిన్ వెళ్ళిపోయిందట. ఏటా పుట్టినరోజుకి స్పెయిన్ తపాలా బిళ్ళతో ఒక కార్డు వచ్చేది. పన్నెండో ఏట నుంచి హేజెల్ వాటిని విప్పకుండానే చెత్తబుట్టలో పడేసేది. రెండేళ్ళుగా అవి కూడా రావడం లేదు.

"ఆవిడకి అదీ విసుగొచ్చినట్టుంది" అంది ఒకసారి.

"అట్లా అనకు" అన్నాడు క్లైవ్.

ఇక్కడ ఇల్లు ఒంటరిగా చేతులు మారదు. నీకు అమ్మేవాళ్ళు ఇంకొకరి దగ్గర కొనాలి, వాళ్ళు మరొకరి దగ్గర. రైలు పెట్టెల్లా అందరూ ఒకే రోజు కదలాలి. శుక్రవారం ఇరవై ఎనిమిదిన కదలాల్సింది. ఆ వరసలో చివరి ఇంటి ముసలాయన బుధవారం మెట్ల మీద జారి ఆస్పత్రిలో చేరాడు. రైలు ఆగిపోయింది. లాయరు కొత్త తేదీ పంపింది: ఏప్రిల్ నాలుగు.

"పోనీలే, ఒక్క వారమే కదా" అంది హేజెల్.

"అయితే ముప్పై ఒకటి దాటిపోయినట్టే" అన్నాడు క్లైవ్.

ఏప్రిల్ రెండున లాయరు దగ్గర్నుంచి ఒక కాగితం వచ్చింది. మాఫీ కావాలంటే సంతకం పెట్టి పంపాలి. అందులో ఒకటే ప్రశ్న: మీరు ఇదివరకు ఎప్పుడైనా, ప్రపంచంలో ఎక్కడైనా, కొనడం వల్ల గానీ వారసత్వంగా గానీ, ఒక ఇంట్లో చిన్న వాటాకైనా యజమానిగా ఉన్నారా?

'లేదు' దగ్గర టిక్కు పెట్టబోయింది హేజెల్.

"ఆగు." క్లైవ్ పెన్ను పట్టుకున్నాడు. "ఉంది అని రాయి. పన్ను నేను కడతా."

"పదిహేడు వందల పౌండ్లు నాన్నా! ఆ ఇంట్లో హీటరు పనిచెయ్యదు. నా దగ్గర చిల్లిగవ్వ మిగల్లేదు. ఎక్కణ్ణించి తెస్తావు?"

"కారు అమ్మేస్తా."

"ఆ డొక్కు కారుకి పదిహేడు వందలా? కొనేవాడికి నువ్వే ఎదురివ్వాలి!" అని నవ్వింది. ఆయన ముఖం చూసి ఆపేసింది. "అసలు లేని ఇల్లు ఉందని ఎందుకు రాయాలి? నాకు ఏ ఇల్లుంది నాన్నా, బొమ్మరిల్లా?"

"తప్పుడు సంతకం పెడితే నీ మీదికొస్తుంది తల్లీ. ముప్పై ఒకటి దాటకపోతే ఈ ప్రశ్న అడిగేవాళ్ళే కాదు."

"ఏమిటి నాన్నా నువ్వు మాట్లాడేది?"

క్లైవ్ కుంటుకుంటూ లోపలికి వెళ్ళాడు. బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. మూత తీస్తే, హేజెల్ చెత్తబుట్టలో పారేసిన కార్డులు. విప్పనివి, రబ్బరుబ్యాండు వేసి ఉన్నాయి. వాటి అడుగున, నాలుగు మడతల పచ్చబడ్డ కాగితం.

"అప్పుడు నువ్వు మరీ చిన్నపిల్లవి. రోజూ గుమ్మంలో కూచుని 'ఎప్పుడొస్తుంది' అని అడిగేదానివి. 'ఇక రాదు' అనడానికి నోరు రాలేదు. ఊరు మారాం. పెద్దయ్యాక చెబుదామనుకున్నా. ఆ 'పెద్దయ్యాక' ఇంతవరకూ రాలేదు."

హేజెల్ మడతలు విప్పింది.

వాళ్ళు వదిలేసి వచ్చిన పాత ఇంటి అమ్మకం కాగితం అది. యజమానుల వరసలో నాన్న పేరు కింద, పాతికేళ్ళ నాటి టైపు అక్షరాల్లో ఇలా ఉంది: "మిగిలిన సగం వాటా హేజెల్‌ది, వయసు ఆరేళ్ళు, తల్లి మరణం వల్ల సంక్రమించినది."