రాయని కాగితం

"మీటింగంటన్నారు, ఎజెండా ఏదండీ మేడం?" అన్నాడు బెన్హర్.

"ఎజెండా లేదు. వచ్చినవాళ్ళే రాస్తారు," అంది కరుణకుమారి.

"రాసింతర్వాత?"

"వాళ్ళే మాట్లాడుకుంటారు."

"మరి మనం జీతం తీసుకునేది దేనికండీ?"

పసుపు కొనుగోలు కేంద్రంలో బెన్హర్ పదిహేనేళ్ళుగా సూపర్‌వైజరు. కరుణకుమారి ఇన్‌చార్జిగా వచ్చి ఎనిమిది నెలలే అయింది. ఆమె నవ్వి, గోడ మీది పాత క్యాలెండరు తీసేసింది.

కొండ మీది పసుపు కొని, నర్సీపట్నంలో ఆడించి, ప్యాకెట్లు కట్టి పంపడం ఆ కేంద్రం పని. రెండు నెలలుగా కొండ నుంచి ఒక్క బస్తా దిగలేదు. ఎందుకో ఎవరికీ తెలియదు. నెలాఖరులోగా సరుకు రాకపోతే తాళం వేసేస్తామని హెడ్డాఫీసు ఉత్తరం రాసింది. ఇరవై రెండు మందికి పని పోతుంది.

అందుకే ఈ మీటింగు. విశాఖపట్నం ట్రైనింగులో ఆమె నేర్చుకున్న పద్ధతి. కుర్చీలు గుండ్రంగా వేయించింది. గోడ ఖాళీగా ఉంచింది. ఎవరికి ఏది మాట్లాడాలని ఉంటే అది కాగితం మీద రాసి గోడకి అంటించి, ఓ చోట కూర్చోవాలి. వినాలనుకున్నవాళ్ళు అక్కడికి వెళ్తారు. వచ్చినవాళ్ళే రావలసినవాళ్ళు. పెద్దా చిన్నా లేదు.

కొండ ఊళ్ళకీ కబురు పెట్టింది. ఆ ఊళ్ళ తరఫున కొండ మీంచి సరుకు దించే మత్స్యలింగానికి ఫోను చేసి, ఎవరైనా రావచ్చని చెప్పింది. పది గంటలవుతున్నా అతని జాడ లేదు.

ఆమె స్టూలెక్కి బ్యానరు కడుతూండగా వెనక నుంచి ఒక ముసలి గొంతు వినిపించింది.

"ఎవులైనా అంటించొచ్చా?"

"ఎవరైనా," అంది తిరిగి చూడకుండానే.

"రాయడం రాకపోతేనో?"

"రాయకపోయినా పర్లేదమ్మా. అంటించి ఓ చోట కూర్చుంటే చాలు. వినాలనుకున్నవాళ్ళు వాళ్ళే వస్తారు."

"ఎవులూ రాకపోతే?"

"ఆ సంగతి ఎవరికీ అక్కర్లేదన్నమాట. లేచి వెళ్ళిపోవచ్చు."

"బాగున్నాది. తగువు నేదు."

కరుణకుమారికి నవ్వొచ్చింది. షెడ్డులో పనిచేసే ముసలమ్మల్లో ఎవరో అనుకుంది. స్టూలు దిగేసరికి అక్కడ ఎవరూ లేరు.

ముందు ఎవరూ కదల్లేదు. తర్వాత లారీ డ్రైవరు శ్యాంబాబు 'ఘాట్‌రోడ్డులో టైర్లు' అని రాశాడు. గుమాస్తా షర్మిల 'లేడీస్ బాత్రూం' అని రాసింది. బెన్హర్ ముక్కుతూ మూలుగుతూ 'కొండవాళ్ళు సరుకు ఎందుకు తేవట్లేదు?' అని రాశాడు.

ఆ మూడింటి పక్కన ఒక కాగితం ఖాళీగా ఉంది.

"ఇదెవరిది?" అంది కరుణకుమారి.

"నాలాంటోడెవడిదో మేడం. బుర్రలో ఉన్నదంతా రాసీసేడు," అన్నాడు శ్యాంబాబు.

అందరూ పగలబడి నవ్వారు. ఆమె ఆ కాగితం తీసి, 'భోజనాలు ఒంటిగంటకి, బాదం చెట్టు కింద' అని రాసి మళ్ళీ అంటించింది.

అందరూ బెన్హర్ దగ్గరికే చేరారు. కరుణకుమారి కూడా అక్కడే కూర్చుంది.

"రేటు సాల్లేదండీ ఆళ్ళకి," అన్నాడు శ్యాంబాబు.

"నువ్వెళ్ళి అడిగేవేటి?" అంది షర్మిల.

"అడగడమేటి, తెలీదేటి?"

ఇంకెవరూ వేరే కారణం చెప్పలేదు. కరుణకుమారి తన పుస్తకంలో 'రేటు' అని రాసుకుంది. తలెత్తితే కిటికీలోంచి బాదం చెట్టు కనిపించింది. దాని కింద ఒక ముసలావిడ నిటారుగా కూర్చుని ఇటే చూస్తోంది.

"ఎవరావిడ?"

"ఆస్పత్రికొచ్చుంటాది మేడం. జీపొచ్చేదాకా మన సెట్టు కిందే కూకుంటారు, రోజూ ఎవరో ఒకరు," అంది షర్మిల.

ఒంటిగంటకి అందరూ గిన్నెలు పట్టుకుని చెట్టు దగ్గరికి నడిచారు. వాళ్ళని చూసి ముసలావిడ ముఖం విప్పారింది. చీర సర్దుకుని లేచి నిలబడింది.

"అందరూ ఇక్కడికేనా వొచ్చింది?"

"ఆఁ, బువ్వకి. కాస్త జరుగు మామ్మా, గిన్నెలు పెట్టాల," అన్నాడు శ్యాంబాబు. "నువ్వూ తింటావేటి?"

"వొద్దు నాయినా. నా పనయిపోనాది."

ఆ గొంతు ఎక్కడో విన్నట్టనిపించింది కరుణకుమారికి. చేతిలో సాంబారు గిన్నె కాలుతోంది. దాన్ని కింద పెట్టి చూసేసరికి ఆవిడ గేటు దాటిపోయింది.

సాయంత్రం ఆరింటికి రిపోర్టు తయారైంది. కారణం: రేటు. సంతకం పెడుతుండగా మత్స్యలింగం ఫోను చేశాడు.

"ఏటండీ మేడం, మా రాజులమ్మమ్మతో ఒక్కరూ మాటాడనేదంట?"

"ఎవరు?"

"కాయితం అంటించి బాదం సెట్టు కింద కూకుందంట గదా, ఒంటిగంట దాకా."

ఆమె రిపోర్టు మీంచి పెన్ను తీసేసింది.

"రేటు గురించి వచ్చారా?" అని అడిగింది.

"రేటేటండీ! రెణ్ణెల్ల కితం మీ షెడ్డులో తేమ సూసే మిషన్ పెట్టి మా బస్తాలు తడన్నారు, తిప్పి పంపీసేరు. ఆరబోసి తెచ్చినోళ్ళకి మండదేటండి? ఆ మిషన్ ఎలా సూస్తాదో ఓపాలి మా కళ్ళకి సూపిస్తే సాలు, మళ్ళీ దించుతామని సెప్పడానికొచ్చింది."

"రేపు పొద్దున్నే నేనే వస్తాను మత్స్యలింగం. మిషన్ తెస్తాను."

"ఇంకేటొస్తారండీ? వేరే సేటు లారీ వొచ్చీసింది. జీపు దిగుతూనే ఎక్కించీమని సెప్పీసింది."

ఫోనులో బస్తాలు ఒకదాని మీద ఒకటి పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఆవిడ చెప్పేస్తే చాలా? మీరంతా ఒక్క రోజు ఆగలేరా?" అంది కరుణకుమారి.

"మేవెలాగ ఆగుతామండీ?" అన్నాడు మత్స్యలింగం. "మా తొమ్మిదూళ్ళ పసుపు ఏ లారీ ఎక్కాలో సెప్పేది ఆవిడే గదండీ."