గుమ్మం ముందు చెప్పులు

“మళ్లీ చెప్పులు యానాంలో వదిలేశావా?”

ద్రాక్షారామంలో వ్యాను ఆపి, నా ఉత్త కాళ్లు చూసి మా ఆయన ఐజాక్ గారు విసుక్కున్నారు.

“వ్యాను మెట్టు కింద విడిచానండీ. మీరేమో చెప్పకుండా బండి తీసేశారు. పక్కావిడతో మాట కలిసిందో లేదో, బయల్దేరిపోవడమే! ఊరూరా ఈ వీడ్కోళ్లు నా వల్ల కాదు. నన్ను తునిలో మా చెల్లెలింట్లో దింపేయండి.”

“ఈ వ్యానులో మంచం, పొయ్యి, ఫ్రిజ్ అన్నీ పెట్టించాను. ఇల్లు కాదా ఇది?”

“చక్రాలున్నదాన్ని ఇల్లంటారా ఎవరైనా? బండంటారు!”

ఆయన కాసేపు స్టీరింగు మీద వేళ్లతో తాళం వేశారు.

“ముప్పై ఏళ్లు బస్సు నడిపాను, సువార్తా. చెప్పులు కింద విడిచి బస్సెక్కినవాళ్లను ఒక్కరినీ చూడలేదు.”

నా ఉత్త కాళ్ల వైపు చూసుకున్నాను. ఏ ఊళ్లో ఆగినా, ఎక్కే ముందు చెప్పులు విడిచి, కాళ్లు దులుపుకునే లోపలికొచ్చాను. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు.

“సరే, తునికేనా?” అన్నారు ఇంజను స్టార్ట్ చేస్తూ.

“ముందు యానాం పోనివ్వండి,” అన్నాను. “ఆవిడకు వెళ్లొస్తానని చెప్పాలి. చెప్పులు కూడా గుమ్మం ముందే ఉండిపోయాయి.”