దోటి

సోమవారం మొదటి పీరియడు లోకం వార్తలకు. తిరుత్తణిలోని ఆ స్కూల్లో తొమ్మిదో తరగతికి మురళీధరన్ సారు పెట్టిన నియమం అది. ఆయన పేపరు తెచ్చి ఒక వార్త చదువుతాడు. తర్వాత పిల్లలు మాట్లాడాలి. ఆ గంటలో హోంవర్కు అడగడు కాబట్టి, పిల్లలకు లోకం మీద మహా ప్రేమ.

ఆ సోమవారం వార్త చిన్నదే. ఎక్కడో యుద్ధం జరుగుతున్న దేశంలో, ఒక కొండవాలులో, డ్రోన్ బాంబు వేసింది. ఏడుగురు పోయారు. వాళ్లు సైనికులు కారు, మేకలు కాసుకునేవాళ్లు. భుజాన ఉన్నవి తుపాకులు కావు, మేకలకు ఆకు కోసే దోటి కర్రలు.

"తప్పెవరిది?" అని సారు అడిగాడు.

"యుద్ధం మొదలుపెట్టినోళ్లది" అంది మోనిషా.

"మీట నొక్కినోడిది సార్" అన్నాడు గోకుల్.

"మేకలది సార్, అటు పక్కకు ఎందుకు పోవాల?" అన్నాడు ధనుష్. తరగతంతా గొల్లుమంది. సారు మాత్రం నవ్వలేదు.

"మీట ఎవరూ నొక్కలేదు. ఎవరి చేతిలో ఏముందో ఆ మిషనే చూసి తేల్చుకుందట."

"మిషన్‌కు ఎట్లా తెలుస్తాది సార్?"

అడిగింది జనని. పిలిస్తే తప్ప పలకని పిల్ల.

"ఎవరో ఒకరు నేర్పాల కదమ్మా" అన్నాడు సారు.

"పెద్ద పెద్ద సైంటిస్టులు ఉంటారు సార్" అన్నాడు గోకుల్, స్వయంగా చూసొచ్చినట్టు. "కోటేసుకోని ఏసీ రూముల్లో కూర్చోనుంటారు."

సారు పేపరు మడిచాడు. తప్పెవరిదో ఆలోచించి, శుక్రవారానికి తలా ఒక పేజీ రాసుకురమ్మన్నాడు.

పేపర్లో ఫోటో ఉంది. పైనుంచి తీసింది. మనుషులు చీమలంత, నీడలు మాత్రం పొడుగ్గా ఉన్నాయి. జనని దాన్ని ఒక్కసారే చూసింది. అది చాలు. ఇంటికి, తిరువాలంగాడు వెళ్లే బస్సులో కూర్చుంటే, భుజాన చెరకుగడ పెట్టుకుని నడిచేవాడు కనపడ్డా మొహం తిప్పేసుకునేది. కళ్లు మూసుకుంటే ఆ నీడలు కదిలేవి.

ఇంట్లో ఉండేది ముగ్గురే. అమ్మ ఇంద్రాణి తిరువళ్ళూరు కంపెనీ ఒకదానికి ఇంటి నుంచే కంప్యూటర్ పని చేస్తుంది. తాత దామోదరం మేకలు కాస్తాడు. భుజం మీద దోటి లేకుండా ఆయన్ని ఊళ్లో ఎవరూ చూసి ఉండరు.

"పాపా, నేను అన్నం వార్చొస్తా. అందాకా నా పని కొంచేపు చూడు" అని అమ్మ పిలిచింది.

"తలనొప్పి మా."

మర్నాడూ తలనొప్పే. ఆ మర్నాడూ అంతే. ఇంద్రాణి శొంఠి దంచి వేసి సుక్కు కాఫీ కాచి ఇచ్చింది. జనని తాగింది. మొదటి రోజు నోటుబుక్కు తెరిచి తేదీ వేసింది. మూడో రోజుకీ తేదీ ఒక్కటే ఉంది.

గురువారం సాయంత్రం తాత కోసం చేని దాకా వెళ్లింది. తాత తుమ్మచెట్టు కింద ఆకు కోస్తున్నాడు. అంతలో పక్కనున్న కల్యాణ మండపం వైపు నుంచి గుయ్‌మని చప్పుడు వచ్చింది. ఎవరిదో పెళ్లి. వీడియో తీసేవాళ్ల డ్రోన్ చేని మీదుగా వస్తోంది.

దామోదరం దోటి భుజాన పెట్టుకుని, నోరు తెరుచుకుని పైకి చూశాడు. ఫోటోలో పడితే పడనీ అనుకున్నాడేమో, మీసం కూడా సర్దుకున్నాడు.

"కింద పడేయి తాతా! దోటి పడేయి!"

జనని పరుగెత్తుకొచ్చి కర్ర లాగి అవతలికి విసిరింది. ముసలాయన తూలి కూర్చుండిపోయాడు. మేకలు చెదిరాయి. డ్రోన్ ఒక చుట్టు చుట్టి పెళ్లికి వెళ్లిపోయింది.

తిట్టబోయిన తాత మనవరాలి మొహం చూసి ఆగాడు.

"ఏందే తల్లీ, ఏమైంది?"

ఏడుస్తూనే వార్తంతా చెప్పింది.

"అయ్యో పావం" అన్నాడు ఆయన. మేకలు కాసేవాళ్లంటే, ఏ దేశమైనా ఆయనకు చుట్టాలే. "దానికని నన్నెవురు కాలస్తారే పిచ్చిదానా? నా మింద కాకి గూడా వాలదు."

"తాతా, దోటిని చూసి తుపాకీ అనుకుంటారా ఎవరైనా?"

"దోటి అంటే ఏందో తెలీనోడు అనుకుంటాడు. పట్నమోడు అయ్యుంటాడు. వాడు మాత్రం ఏం జేస్తాడు? తెలీకుండా జేసినోడి మింద కోపం పెట్టుకోగూడదు."

"తెలిసుంటే?"

దామోదరం లేచి దోటి వెతుక్కుంటున్నాడు. "తెలిసినోడు యాడన్నా అట్ల జేస్తాడా?" అని నవ్వి, మేకలను పిలవడంలో పడిపోయాడు.

జనని అక్కడే కూర్చుని మరీ ఏడ్చింది. పిల్లకు తాతంటే ఎంత ప్రాణమో అని ఆ ముసలాయన లోలోపల మురిసిపోయాడు.

శుక్రవారం సారు నోట్లు దిద్దుతూ కూర్చున్నాడు. మోనిషా పేజీ నిండా రాసింది. గోకుల్ రెండు పేజీలు రాసి సైంటిస్టులను ఉరి తీయమన్నాడు. సారు నవ్వుకుంటూ తర్వాతి నోటు తెరిచాడు. అది జననిది. అందులో ఉన్నది ఒకే ఒక్క వాక్యం.

"వేసవి సెలవుల్లో మా అమ్మ వంట చేస్తుంటే, పైనుంచి తీసిన ఫోటోల్లో మనుషుల చేతుల్లో ఏముందో మిషన్‌కు చెప్పే ఆమె పని నేనే చేసినాను సార్, దోటి అని బాగా తెలిసీ, కంపెనీవాళ్ల లిస్టులో దోటి లేదని, ప్రతిసారీ తుపాకీ మీదే నొక్కినాను."