మూడో గ్లాసు

శివనాథ్ నది పొంగి వంతెన మునిగిన ఏడాది అది. జ్వరం తగ్గిన తాతబ్బాయి ఇంట్లో సరదాకి చవక వైన్ల వాసన చూసి మార్కులు వేయడానికి కూర్చున్నాడు. మర్నాడు ప్లాంటులో గ్యాసు లైను డ్యూటీ. లీకు పసిగట్టాల్సింది అతని ముక్కే.

"మూడోది చూడు భయ్యా," అని స్నేహితుడు భుజంగరావు గ్లాసు అందించాడు.

తాతబ్బాయి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏ వాసనా తగల్లేదు.

"నేరేడు వాసన. పదికి ఏడు," అన్నాడు తడబడకుండా.

"నేరేడేటి? బీట్‌రూటు ఉడికించిన నీళ్ళవి. నానే పోసినాను," అంది భార్య పైడమ్మ. "నిన్న పప్పు మాడి పక్కింటోళ్ళు పరిగెత్తుకొచ్చినా నీకు తెలీనేదు."

భుజంగరావు నవ్వబోయి ఆగిపోయాడు.

"ఎవరికీ చెప్పకే, ఉజ్జోగం పోద్ది," అన్నాడు తాతబ్బాయి.

"మరి నీ ముక్కుని నమ్మి ఎనకొచ్చేవోళ్ళు ఏటైపోతారు?"



తెల్లారి తాతబ్బాయి అందరికంటే ముందే ప్లాంటుకి వెళ్ళి, "ముక్కు పనిచెయ్యట్లేదు సాబ్, నన్ను లైను మీదకి పంపకండి," అని ఫోర్‌మన్‌తో చెప్పాడు.